పోర్చ్ గోడ మీద పొడుగు కాళ్ళ "పెద్ద దోమ": టిప్యులా పాలుడోసా సంగతి

మీ ఫోటోలు నాలుగూ చూశానండి. మీరు అడిగినవి చాలా ప్రశ్నలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి ఉన్నాయి కాబట్టి ముందు నాకు అర్థమైంది చెప్తాను. సియాటిల్ పక్కన బోథెల్‌లో ఇల్లు, ఆగస్టు నెలాఖరు నుంచి సాయంత్రం పోర్చ్ లైట్ వేస్తే గోడ నిండా పొడుగు కాళ్ళ దోమలు, పిల్లలు బయటికి రావడానికి భయపడుతున్నారు. పోయిన ఏప్రిల్‌లో లాన్ మచ్చలు మచ్చలుగా పోయింది, కాకులు వచ్చి గడ్డి పీకి పారేశాయి, ఈ రెండిటికీ సంబంధం ఉందా అని ఒక ప్రశ్న. నెట్‌లో చూస్తే పాలుడోసా, ఓలెరేసియా అని రెండు పేర్లు వచ్చాయి, నాది ఏది అని ఇంకోటి. ఇది మన అరకులో చూసినదేనా అని మూడోది, మందు కొట్టాలా అని ఆఖరుది. పైన ఒకాయన "అవి దోమల్ని తింటాయి, మంచివే, వదిలేయండి" అన్నారు, దానికీ ఒక మాట చెప్పాలి.

తొందరలో ఉన్నవాళ్ళకి ముందే చెప్పేస్తా. మీ గోడ మీదున్నది క్రేన్ ఫ్లై, చాలా వరకు టిప్యులా పాలుడోసా, అంటే యూరోపియన్ క్రేన్ ఫ్లై. మీ లాన్‌కీ దానికీ సంబంధం ఉంది. ఇప్పుడు గోడ మీద మందు కొట్టి లాభం లేదు. ఇక అసలు విషయం, ఈ పురుగు ఎక్కడ బతుకుద్ది, ఎక్కడ బతకదు, ప్రపంచంలో ఎక్కడెక్కడికి పాకింది అన్నదంతా దాని గుడ్డు మీద ఆధారపడి ఉంది. గుడ్డు పెట్టిన రెండు వారాలూ నేల పైపొర తడిగా ఉంటే ఉంటుంది, ఆరితే పోతుంది. మిగతావన్నీ దాని తర్వాతే.

ముందు అది దోమ కాదు. డిప్టెరా అనే ఆర్డర్‌లోనే రెండూ ఉన్నాయి కానీ దోమలది క్యూలిసిడే ఫ్యామిలీ, వీటిది టిప్యులిడే. దోమ రెక్కల మీద పొలుసులుంటాయి, మూతికి సూది ఉంటుంది, దీనికి ఆ రెండూ లేవు, మూతి కొంచెం ముందుకి పొడుచుకొచ్చి ఉంటుందంతే, కుట్టడానికి పనికిరాదు. మీ రెండో ఫోటోలో వీపు మీద జూమ్ చేసి చూడండి, ఇంగ్లీషు వి ఆకారంలో ఒక గీత కనబడుతుంది, క్రేన్ ఫ్లైలని పట్టించే గుర్తు అదే. రెక్కల వెనకాల రెండు చిన్న పుల్లల్లాంటివి, చివర గుండుతో, అవి హాల్టియర్లు, ఈగ జాతులన్నిటికీ వెనక రెక్కలు అలా మారిపోయి ఉంటాయి, ఎగిరేటప్పుడు బ్యాలెన్స్ కోసం. చాలా ఈగల్లో వాటిని వెతుక్కోవాలి, దీనికి మాత్రం కంటికే కనబడతాయి, పిల్లలకి చూపించండి, భయం పోతుంది. కాళ్ళు ముట్టుకుంటే ఊడిపోతాయి, అది కూడా పక్షి పట్టుకుంటే కాలు వదిలేసి పారిపోయే ఏర్పాటే.

ఆడదాని పొట్ట చివర మొనదేలి ముల్లులా ఉంటుంది, అది చూసి చాలామంది కుడుతుందని భయపడతారు, నిజానికి అది నేలలో గుడ్లు గుచ్చి పెట్టే గొట్టం. మగదాని పొట్ట చివర మొద్దుగా, కొంచెం ఉబ్బి ఉంటుంది. కుట్టదు, కరవదు, విషం లేదు. అలాగని దోమల్ని తింటుందన్నది కూడా నిజం కాదు, ఇంగ్లీషులో మస్కిటో హాక్ అనే పేరు ఉండబట్టి ఆ మాట పుట్టి అలా తిరుగుతోంది. పెద్దయ్యాక ఈ పురుగు దాదాపు ఏమీ తినదు, నీళ్ళు తాగితే తాగుతుంది, ఒక వారం, మహా అయితే రెండు వారాలు బతికి, జతకట్టి, గుడ్లు పెట్టి పోతుంది. తిండి అంతా లార్వాగా, అంటే గుడ్డు నుంచి వచ్చిన పిల్ల పురుగుగా, ఉన్నప్పుడే అయిపోతుంది, ఆ తిండి మీ లాన్.

ఇప్పుడు వర్గీకరణ. టిప్యులా అనే జీనస్ పేరు, అంటే దగ్గరి స్పీషీస్‌లు (జాతులు) కలిపిన గుంపు పేరు, జీవులకి శాస్త్రీయ పేర్లు పెట్టే పద్ధతి తెచ్చిన లినేయస్ 1758లో పెట్టాడు. ఆయన అప్పట్లో పొడుగు కాళ్ళు ఉన్నవాటిని చాలావాటిని ఆ పేరు కింద పడేశాడు, మన చెరువుల దగ్గర సాయంత్రం గుంపులుగా ఎగిరే కైరోనోమస్ లాంటి కుట్టని మిడ్జ్‌లు కూడా అప్పుడు టిప్యులాలే. తర్వాత ఒక్కొక్కటీ విడగొట్టుకుంటూ వచ్చారు. అప్పుడే ఆయన పేరు పెట్టిన టిప్యులా ఓలెరేసియా ఆ జీనస్‌కి టైప్ స్పీషీస్, అంటే ఎన్ని ముక్కలు చేసినా టిప్యులా అన్న పేరు అది ఉన్న ముక్కకే ఉంటుంది. పాలుడోసాని వేరే స్పీషీస్‌గా గుర్తించి వర్ణించింది జర్మనీకి చెందిన యోహాన్ విల్‌హెల్మ్ మైగెన్, 1830లో. యూరప్ ఈగల మీద ఆయన రాసినంత ఆ రోజుల్లో ఇంకెవరూ రాయలేదు. అంటే ఆ రెండు పేర్ల మధ్య డెబ్బై ఏళ్ళ పైన తేడా ఉంది, ఆ తర్వాత కూడా పొలాల్లో పనిచేసేవాళ్ళు రెండిటినీ ఒకటే అనుకునేవాళ్ళు, అందుకే పాత వ్యవసాయ పుస్తకాల్లో ఓలెరేసియా అని కనబడిన ప్రతిచోటా అది ఓలెరేసియానే అని నమ్మక్కర్లేదు.

ఈ గుంపు ఎంత పెద్దదో చెప్తే నమ్మరు. క్రేన్ ఫ్లైలు అన్నీ కలిపి 15,000 పైగా స్పీషీస్. వాటిల్లో 11,000 పైగా ఒక్క మనిషే పేరు పెట్టి వర్ణించాడు, చార్లెస్ పాల్ అలెగ్జాండర్ అని అమెరికన్, మసాచుసెట్స్‌లో ఆమ్‌హర్స్ట్ అనే ఊళ్ళో ఉండేవాడు, 1889లో పుట్టి 1981లో పోయాడు. ఆయన భార్య మేబెల్ కలెక్షన్‌లోనూ కాగితాల్లోనూ జీవితమంతా ఆయనతో పాటు పనిచేసింది. లెక్కేస్తే పనిచేసిన కాలమంతా రెండు మూడు రోజులకొక కొత్త స్పీషీస్ చొప్పున పడుతుంది. ఇందులో కొన్ని తర్వాత పాతవాటిలో కలిసిపోయాయి, అది ఏ గుంపులో అయినా జరిగేదే, దాన్ని పట్టుకుని ఆయన్ని తేలిక చేసేవాళ్ళంటే నాకు చిరాకు. ఈ మొత్తాన్ని కొందరు ఒకే పెద్ద ఫ్యామిలీగా చూస్తారు, ఇప్పుడు ఎక్కువమంది టిప్యులిడే, లిమోనిడే, పెడిసిడే, సిలిండ్రోటోమిడే అని నాలుగుగా విడదీస్తున్నారు. మీరు నెట్‌లో ఒకచోట ఒకలా, ఇంకోచోట ఇంకోలా చూసి కన్‌ఫ్యూజ్ అయ్యింది దీనికే. మన పురుగు ఏ లెక్కలో చూసినా టిప్యులిడేలోనే ఉంటుంది. టిప్యులా జీనస్ ఒక్కదాంట్లోనే 2,000 పైగా స్పీషీస్ ఉన్నాయి కాబట్టి దాన్ని మళ్ళీ బోలెడు సబ్ జీనస్‌లు చేశారు, పాలుడోసా, ఓలెరేసియా రెండూ టిప్యులా అనే పేరే ఉన్న సబ్ జీనస్‌లో పక్కపక్కనే ఉంటాయి.

మరి ఈ రెండిటినీ ఎలా విడదీయాలి. రెండూ బూడిద గోధుమ రంగే, రెండిటికీ రెక్క ముందు అంచు ముదురు గోధుమ రంగులో ఉండి దాని వెంటే తెల్లటి గీత ఉంటుంది, దూరం నుంచి చూసి ఎవరైనా ఇది ఫలానా అని ధీమాగా చెప్తే నమ్మకండి. ఆడదైతే సులువు, వాలి ఉన్నప్పుడు రెక్క పొట్ట చివరిదాకా రాకుండా ముందే ఆగిపోతే పాలుడోసా, పొట్టని దాటి బయటికి వస్తే ఓలెరేసియా. మీ మూడో ఫోటోలో ఉన్నది ఆడదే, రెక్క పొట్టిగానే ఉంది, అందుకే పైన పాలుడోసా అన్నాను. మగవాటిలో రెండిటికీ రెక్కలు పొడుగే కాబట్టి ఆ గుర్తు పనికిరాదు, యాంటెన్నా సెగ్మెంట్లు లెక్కపెట్టాలి, పాలుడోసాకి 14, ఓలెరేసియాకి 13, దానికి లెన్స్ ఉండాలి. నాకు అన్నిటికంటే నమ్మకమైన గుర్తు తల కింద వైపు. పురుగుని వెల్లకిలా తిప్పి చూస్తే రెండు కళ్ళ మధ్య ఖాళీ వెడల్పుగా ఉంటే పాలుడోసా, కళ్ళు దాదాపు ఒకదానికొకటి తగిలేంత దగ్గరగా ఉంటే ఓలెరేసియా. అది కూడా చాలదంటే మగదాని పొట్ట చివర భాగాలు మైక్రోస్కోప్ కింద పెట్టాలి, అది మీకు అక్కర్లేదు. లార్వాలని మాత్రం కంటితో చూసి ఏ స్పీషీసో చెప్పలేం, డీఎన్ఏ టెస్ట్ లాంటిదేదో కావాలి.

నెల కూడా ఒక గుర్తే. పాలుడోసాకి ఏడాదికి ఒకటే తరం, ఆగస్టు నెలాఖరు నుంచి సెప్టెంబర్ లోపల అన్నీ ఒక్కసారే పైకొస్తాయి, అందుకే గోడ నిండా కనబడతాయి. ఓలెరేసియాకి రెండు తరాలు, వసంతంలో ఒకటి, శరదృతువులో ఒకటి. ఏప్రిల్ మే నెలల్లో కనబడితే పాలుడోసా అనుకోకండి. అలాగని అది ఓలెరేసియానే అనడానికీ లేదు, ఆ ప్రాంతపు సొంత క్రేన్ ఫ్లైలు కూడా ఎక్కువగా వసంతంలోనే ఎగురుతాయి, అవి ఏ హానీ చెయ్యవు.

ఇక గుడ్డు కథకి వస్తా. పాలుడోసా ఆడది ప్యూపా నుంచి, అంటే లార్వా పెద్ద పురుగుగా మారే మధ్య దశ తొక్క నుంచి, బయటికి వచ్చేటప్పటికే పొట్ట నిండా గుడ్లు తయారుగా ఉంటాయి, ఆ బరువుకి సరిగ్గా ఎగరలేదు. మగవి ముందే వచ్చి కాచుకుని ఉంటాయి, అది గడ్డిపోచ ఎక్కి రెక్కలు ఆరబెట్టుకునే లోపే జత కట్టేస్తాయి, ఆ రాత్రే చాలా గుడ్లు అక్కడికక్కడే పెట్టేస్తుంది. మొత్తం 200 నుంచి 300 గుడ్లు, నల్లగా, నిగనిగలాడుతూ, ఒక మిల్లీమీటర్ పొడవు, నేల పైపొరలోనే పెడుతుంది, లోతుకి వెళ్ళదు. బరువు తగ్గాక మిగిలినవాటితో కాస్త ఎగురుతుంది. అంటే ఈ ఏడు మీ లాన్‌లో పుట్టింది వచ్చే ఏటికి కూడా ఎక్కువగా మీ లాన్‌లోనే పెడుతుంది. ఆ గుడ్డుకి ఆరుదలకి తట్టుకునే శక్తి లేదు. రెండు వారాల పాటు చుట్టూ మట్టి తడిగా ఉండాలి, లేకపోతే ముడుచుకుపోయి చచ్చిపోతుంది, పొదిగి వచ్చిన చిన్న లార్వా కూడా అంతే, చర్మం పల్చన, ఎండిన మట్టిలో బతకదు. ఆగస్టు సెప్టెంబర్ ఎండగా పోయిన ఏడాది తర్వాత వసంతంలో లార్వాలు బాగా పడిపోతాయని ఇంగ్లాండ్‌లో దశాబ్దాల కిందటే పొలాల్లో లెక్కలు కట్టి తేల్చారు.

ఒకసారి ఆ గండం దాటిందంటే మాత్రం గట్టి పిండం. కాళ్ళు లేవు, తల లోపలికి లాక్కుంటుంది, బూడిద గోధుమ రంగు, పెరిగాక మూడు నాలుగు సెంటీమీటర్లు, చర్మం తోలులా బిరుసుగా ఉంటుంది, అందుకే బ్రిటన్‌లో లెదర్ జాకెట్ అంటారు. వెనక వైపు చివర గుండ్రటి చోట రెండు ఊపిరి రంధ్రాలు నల్లటి చుక్కల్లా ఉంటాయి, చుట్టూ ఆరు కండ మొనలు, చాలామంది దాన్నే మొహం అనుకుని ఫోటో తీసి పంపుతారు. నాలుగు దశలు, చలికాలం వచ్చేసరికి మూడో దశకి చేరి, మరీ గడ్డకట్టని రోజుల్లో తింటూనే ఉండి, వసంతంలో నేల వెచ్చబడగానే విపరీతంగా తింటాయి, పగలు మట్టిలో గడ్డి వేళ్ళూ మొదళ్ళూ కొరుకుతూ ఉంటాయి, వెచ్చటి తడి రాత్రుళ్ళు పైకి వచ్చి ఆకులు కూడా తింటాయి. మీ లాన్ ఏప్రిల్‌లో పోయింది అందుకే. మే నెలాఖరుకి తిండి ఆపేస్తాయి, తర్వాత మట్టిలోనే ఊరికే ఉండి వేసవిలో ప్యూపా అయి, ఆగస్టులో ప్యూపా తనంతట తనే పైకి జరుగుతూ వచ్చి సగం బయటికి పొడుచుకుంటుంది, పురుగు వెళ్ళిపోయాక ఆ ఖాళీ గోధుమ తొక్కలు గడ్డిలో నిలబడి ఉంటాయి. ఇప్పుడే వెళ్ళి వంగి చూడండి, మీ లాన్‌లోనే పుట్టాయా పక్కింటి నుంచి వచ్చాయా అన్నది అక్కడే తేలిపోతుంది.

ఇది ఉండే చోటు ఏంటంటే అందుకే గడ్డి, తడి గడ్డి, కదపని గడ్డి. పచ్చిక బయళ్ళు, లాన్లు, గోల్ఫ్ కోర్సులు, పార్కులు, గడ్డి దున్ని వెంటనే ధాన్యం వేసిన పొలాలు. ఏటా దున్నే పొలంలో దీనికి అంత కలిసిరాదు, అక్కడ బాగా ఎగరగలిగే ఓలెరేసియాకి ఎక్కువ అవకాశం. క్రేన్ ఫ్లైలన్నీ గడ్డివే అనుకోకండి. బ్రిటన్‌లోనే చూస్తే కొండల మీద బురద నేలల్లో, పీట్ అంటారు కదా, అక్కడ టిప్యులా సబ్‌నోడికార్నిస్ అనేది మే జూన్‌లలో ఎగురుతుంది, అక్కడి గోల్డెన్ ప్లవర్ పిట్టలు పిల్లల్ని పెంచేది చాలావరకు వాటితోనే. అక్కడ కూడా కథ అదే, ఆగస్టు వేడిగా ఉంటే పీట్ పైపొర ఆరిపోయి మరుసటి ఏడు క్రేన్ ఫ్లైలు తగ్గుతాయి, దాని వెనకాల పిట్టలు తగ్గుతాయి. చెట్ల నీడన వాగుల పక్కన టిప్యులా మాక్సిమా అని ఆ దేశంలో అన్నిటికంటే పెద్దది ఉంటుంది. స్పీషీస్ మారుతుంది, చోటు మారుతుంది, తడి మాత్రం అన్నిటికీ కావాలి.

పాలుడోసా సొంతూరు యూరప్, ముఖ్యంగా వాయవ్య వైపు, బ్రిటన్, ఐర్లాండ్, నెదర్లాండ్స్, ఉత్తర జర్మనీ, స్కాండినేవియా దక్షిణ భాగం. సముద్రం పక్క వాతావరణం, చలికాలం మరీ గట్టిది కాదు, వేసవి చల్లగా, ఏడాదికి సుమారు 600 మిల్లీమీటర్లకి తగ్గని వాన. ఉత్తర అమెరికాలో ఇది మొదట దొరికింది 1955లో, కెనడా తూర్పున నోవా స్కోషియాలో కేప్ బ్రెటన్ దగ్గర. పదేళ్ళకి ఖండం ఇంకో చివర, 1965లో బ్రిటిష్ కొలంబియాలో వాంకూవర్ దగ్గర కనబడింది, 1966లో సరిహద్దు దాటి వాషింగ్టన్ రాష్ట్రంలో బ్లెయిన్‌లో. అక్కడి నుంచి మీ వైపు, ఆ తర్వాత ఓరెగన్, ఉత్తర కాలిఫోర్నియా తీరం. మధ్యలో వేల కిలోమీటర్ల ఖాళీ వదిలి రెండు చివర్లా ప్రత్యక్షమైందంటే అది ఎగురుకుంటూ వచ్చింది కాదు, ఎగరడం దానికి ఎంత కష్టమో పైన చూశారు కదా, మొక్కల వేళ్ళతో పాటు వచ్చిన మట్టిలోనో ఓడల్లోనో వచ్చిందని అందరూ అనుకునేది. 1990ల చివర్లో ఓలెరేసియా కూడా పసిఫిక్ తీరంలో దొరికింది, ఇద్దరు చుట్టాలూ ఇప్పుడు మీ ఊళ్ళోనే ఉన్నారు.

ఇక్కడ ఒక సంగతి ఆలోచించాల్సింది. సియాటిల్‌లో జులై ఆగస్టు నెలల్లో దాదాపు వానే పడదు, అసలైతే పాలుడోసాకి అది చావు కబురు. కానీ ఆ రెండు నెలలూ స్ప్రింక్లర్ పెట్టేది ఎవరు, మనమే. పైగా పురుగు బయటికి వచ్చేది ఆగస్టు చివర, సెప్టెంబర్ వానలు అప్పుడే మొదలవుతాయి. అలాగే 1990ల్లో ఒంటారియోలో, 2004లో న్యూయార్క్ రాష్ట్రంలో, ఆ తర్వాత మిషిగన్‌లో కూడా దొరికింది, అక్కడ చలి మామూలు చలి కాదు. చలికాలం మెత్తగా ఉండాలన్న షరతు మనం పుస్తకాల్లో రాసుకున్నంత గట్టిది కాదని, తడి షరతే అసలైనదని నాకు దాన్నిబట్టి అనిపిస్తుంది. నీళ్ళు పెట్టే గోల్ఫ్ కోర్సు ఒకటి ఉంటే చాలు, మిగతాది అది చూసుకుంటుంది.

క్రికెట్ చూసేవాళ్ళకి ఒక మాట. 1935లో లార్డ్స్ గ్రౌండ్‌ని ఈ లెదర్ జాకెట్లే తినేశాయి, గడ్డి పోయి నేల బయటపడింది. ఆ ఏడు అక్కడ ఆడిన టెస్ట్‌లో సౌతాఫ్రికా 157 పరుగులతో గెలిచింది, ఇంగ్లాండ్‌లో వాళ్ళకి అదే మొదటి టెస్ట్ గెలుపు, లెగ్ స్పిన్నర్ బలాస్కస్ మ్యాచ్‌లో 9 వికెట్లు తీశాడు, బ్రూస్ మిచెల్ 164 నాటౌట్. గెలిపించింది పురుగే అనడం ఆటగాళ్ళకి అన్యాయం కానీ స్పిన్నర్‌కి అది చేసిన సాయం తక్కువేం కాదు.

మీ లాన్ సంగతి. కాకులు పాడు చేశాయి అంటున్నారు, అవి వచ్చింది లార్వాల కోసం. స్టార్లింగ్‌లు, కాకులు, సీగల్స్ వీటిని బాగా తింటాయి, స్టార్లింగ్ అంటే మన గోరింకల చుట్టమే, మూతి గడ్డిలో గుచ్చి తెరిచి లాగుతుంది, గడ్డికి పెద్ద నష్టం లేకుండా. కాకి అలా కాదు, గడ్డిని చాపలా తిరగేస్తుంది. పక్షులు తవ్వుతున్నాయంటే లోపల ఏదో ఉందని గుర్తు, అది వేరే వేరుపురుగు కూడా అయి ఉండొచ్చు కాబట్టి తవ్వి చూడాలి. ఫిబ్రవరి చివర, మార్చిలో లాన్‌లో నాలుగైదు చోట్ల అడుగు చదరం గీసి రెండు అంగుళాల లోతు తీసి, మట్టి చిదిమి లార్వాలు లెక్కపెట్టండి. ఆరోగ్యంగా ఉన్న లాన్ చదరపు అడుగుకి 25 దాకా ఉన్నా తట్టుకుంటుంది, చాలాసార్లు మీకు తెలియను కూడా తెలియదు. పల్చగా, నీళ్ళు నిలిచే, నీడలో ఉండే లాన్ అంతకన్నా తక్కువకే పోతుంది. లెక్కపెట్టకుండా మందు కొట్టేవాళ్ళే మీ కాలనీలో ఎక్కువ ఉంటారు, పందెం.

ఇప్పుడు గోడ మీదున్నవాటికి కొట్టకండి. అవి గుడ్లు పెట్టేసి ఉంటాయి, లేదా మగవి, ఎలాగూ వారంలో పోతాయి. లైట్ పసుపు రంగుది మార్చండి, కిటికీ మెష్ వేసుకోండి, లోపలికి వచ్చినవాటిని గ్లాసు మూసి బయట వదలండి. మీ చేతిలో ఉన్న అసలు మందు స్ప్రింక్లర్ మీట. ఆగస్టు నడిమి నుంచి సెప్టెంబర్ నడిమి దాకా నీళ్ళు తగ్గించండి, గడ్డి కొంచెం గోధుమ రంగుకి తిరిగినా ఫర్వాలేదు, మీ వైపు లాన్ గడ్డి వానలకి మళ్ళీ లేస్తుంది. వానలు ముందే వచ్చిన ఏడాది ఇది పనిచేయదు, అది మన చేతిలో లేదు. నీళ్ళు నిలిచే చోట డ్రైనేజ్ బాగు చేయించండి, గడ్డి మరీ కురచగా కొయ్యకండి, వేరు లోతుగా వెళ్తేనే కొరికినా తట్టుకుంటుంది. మార్చిలో లెక్క నిజంగా ఎక్కువ వస్తే స్టైనర్నెమా అనే నెమటోడ్లు (కంటికి కనబడనంత సన్నటి నులిపురుగులు) దొరుకుతాయి, అవి లార్వాలోకి దూరి చంపుతాయి, నేల తడిగా, మరీ చల్లగా లేనప్పుడు వేయాలి, లేకపోతే డబ్బు దండగ. దోమలకి వాడే బీటీఐ బాక్టీరియా కూడా పనిచేస్తుంది, చిన్న దశలో ఉన్నవాటి మీద మాత్రమే.

రసాయనాల గురించి ఎందుకు ఇంత వెనకాడుతున్నానంటే మీ ప్రాంతానికి దీని చరిత్ర ఉంది. ఒకప్పుడు సియాటిల్ చుట్టూ ఇళ్ళవాళ్ళు ఈ ఒక్క పురుగు కోసమే డయాజినాన్ అనే పురుగుమందు తెగ కొట్టేవాళ్ళు, లెక్క చూడకుండా, ఏటా. 1990ల్లో అక్కడి వాగుల నీళ్ళు పరీక్షిస్తే ఊళ్ళ మధ్య పారే వాగుల్లో అది బయటపడింది, సాల్మన్ చేపలు గుడ్లు పెట్టడానికి వచ్చే వాగులు అవి. 2004 చివరికి ఇళ్ళ దగ్గర వాడకానికి దాని అమ్మకం అమెరికాలో ఆగిపోయింది. బ్రిటన్‌లో రైతులు వాడిన క్లోర్‌పైరిఫాస్ అనే పురుగుమందు కూడా 2016లో దాదాపు అన్ని పంటలకీ ఆపేశారు, అప్పటి నుంచి అక్కడ మళ్ళీ పొలం దున్నే తేదీలూ, లార్వాల లెక్కలూ గుర్తొచ్చాయి.

తవ్వినప్పుడు ఎప్పుడైనా ఒక లార్వా నీలం ఊదా కలిసిన రంగులో మెరుస్తూ కనబడితే పారేయకండి, ఫోటో తీయండి. అది వైరస్ సోకిన లార్వా. టిప్యులా ఇరిడిసెంట్ వైరస్ అని 1954లో ఇంగ్లాండ్‌లో పాలుడోసా లార్వాల్లోనే మొదట వర్ణించారు, లోపల వైరస్ కణాలు ఎంత కిక్కిరిసి వరసలు కట్టుకుంటాయంటే స్ఫటికంలా వెలుగుని విరిచి ఆ రంగు తెస్తాయి. అంతటితో ఆగలేదు, 1950ల చివర్లో ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద దీన్నే పెట్టి, దాని నీడల ఆకారాన్ని బట్టి వైరస్ కణం ఇరవై ముఖాల ఆకృతిలో ఉంటుందని చూపించారు. కీటకాల మీద పనిచేయని వైరస్ శాస్త్రవేత్తలు కూడా ఈ పురుగు పేరు వినే ఉంటారు, ఆ వైరస్ పుణ్యాన.

ఇక అరకు ప్రశ్న. మీరు చిన్నప్పుడు అరకులో గెస్ట్ హౌస్ బాత్రూమ్ గోడ మీద చూసింది క్రేన్ ఫ్లై అయ్యే ఉంటుంది, పాలుడోసా మాత్రం కాదు, అది ఇండియాలో లేదు. ఇండియాకి సొంత క్రేన్ ఫ్లైలు చాలా ఉన్నాయి, టిప్యులా జీనస్‌వి హిమాలయాల వైపు ఎక్కువ. ఇండియా ఈగల మీద బ్రునెట్టి 1912లో రాసిన ఫౌనా ఆఫ్ బ్రిటిష్ ఇండియా సంపుటంలో ఈ ఫ్యామిలీకి పెద్ద భాగమే ఉంది, తర్వాత అలెగ్జాండర్ మన దేశం నుంచి వచ్చిన నమూనాలకి కూడా వందల పేర్లు పెట్టాడు. మన వరి మళ్ళ వైపు తడి చోట్ల కనబడేదాంట్లో కొనోసియా ఇర్రోరాటా అనేది ఒకటి, లిమోనిడే ఫ్యామిలీ, రెక్కల మీద చుక్కలుంటాయి, పుల్ల మీద పుల్లలా ఒంటిని చాపి వాలుతుంది. ఆఫ్రికా నుంచి ఆసియా మీదుగా ఆస్ట్రేలియా దాకా ఉన్న స్పీషీస్ అది, పాలుడోసాలా ఓడెక్కి వచ్చింది కాదు, ఎప్పటి నుంచో ఉన్నదే. మన లాన్లకి వీటి వల్ల నష్టం ఉందని నేనెక్కడా చూడలేదు. వాంకూవర్, లండన్, డబ్లిన్, టొరంటో వైపు ఉన్న మనవాళ్ళు మాత్రం ఇదే ఫోటో పట్టుకుని ఇదే ప్రశ్న అడగొచ్చు, వాళ్ళకీ పైన చెప్పిందే వర్తిస్తుంది.

మీ నాలుగో ఫోటోలోది మగది, దాన్ని పాలుడోసా అని ఖాయంగా చెప్పాలంటే నాకు తల కింద వైపు కావాలి. చచ్చిపడి ఉన్నవి కిటికీ గట్టు మీద దొరుకుతాయి, ఒకదాన్ని తెల్ల కాగితం మీద వెల్లకిలా పెట్టి, ఫోన్‌కి చిన్న మాక్రో లెన్స్ తగిలించి, కళ్ళ మధ్య ఖాళీ స్పష్టంగా వచ్చేలా ఒకటి, యాంటెన్నా మొత్తం ఒకటి తీసి పెట్టండి. పక్కన స్కేల్ పెడితే ఇంకా మంచిది.